కీబోర్డు చచ్చిపోలేదు, విండోస్ 7కు దాని పరిచయం లేదు

కర్నూలులో కొండారెడ్డి బురుజుకు దగ్గరలోనే మా డీటీపీ సెంటర్. పెళ్లి పత్రికలు, కరపత్రాలే మాకు కూడు పెడతాయి. పాత కంప్యూటర్ మొరాయించడంతో ఆరో తరం ఇంటెల్ ప్రాసెసర్ ఉన్న సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ తెచ్చాను. మా తెలుగు ఫాంట్ల సాఫ్ట్‌వేర్ పాతకాలపుది కాబట్టి విండోస్ 7 వేయాలి.

డీవీడీ పెట్టడం, బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల తెరలో, డీవీడీ నుంచే మొదలయ్యేలా బూట్ వరుస మార్చడం ఇట్టే అయిపోయాయి. ఏదో ఒక కీ నొక్కమంటే ఎంటర్ నొక్కాను, పలికింది. భాషనూ కీబోర్డునూ ఎంచుకునే తెర వచ్చింది. యూఎస్ అని ముందే ఉంది, ఇక ముందుకు వెళ్లడమే. ఎంటర్ నొక్కితే చలనం లేదు. నమ్‌లాక్ దీపం ఆరిపోయింది. మౌస్ కూడా కదలదు. ముందు వెనుక ఉన్న పోర్టులన్నీ మార్చి చూశాను. ఊహూ.

ఊళ్లోనే ఉన్న ఒక కంప్యూటర్ షాపుకు మోసుకెళ్లాను. యజమాని తీగ పట్టుకుని అటూ ఇటూ ఊపి, ‘కీబోర్డు పోయిందండీ’ అని కొత్తది అంటగట్టాడు. దానికీ అదే గతి. అప్పుడు మదర్‌బోర్డు పోయిందన్నాడు. పోతే బయోస్‌లో ఎలా పనిచేస్తోందని అడిగాను. కౌంటర్ దగ్గర నలుగురు వింటుండగా, ‘టైపు కొట్టుకునేవాళ్లకు ఇవన్నీ ఎందుకు సార్?’ అని నవ్వాడు. కళ్లు మూసుకుని పత్రిక మొత్తం తప్పు లేకుండా కొట్టే నన్నా ఆ మాట అన్నది! వీళ్లలో చాలామందికి స్క్రూలు విప్పడమే విద్య.

ఇంటికొచ్చి వెతికితే అసలు సంగతి తేలింది. బయోస్‌లో ఉన్నంతసేపు కీబోర్డును బోర్డులోని ప్రోగ్రామే చూసుకుంటుంది. సెటప్ మొదలయ్యాక ఆ బాధ్యత విండోస్‌ది. 2009లో వచ్చిన విండోస్ 7 డీవీడీలో యూఎస్‌బీ 3.0 డ్రైవర్, అంటే ఆ రకం పోర్టులను విండోస్‌కు పరిచయం చేసే ప్రోగ్రామ్, లేదు. పాత బోర్డుల్లో యూఎస్‌బీ 2.0 పోర్టులను నడపడానికి వేరే కంట్రోలర్ ఉండేది కనుక గడిచిపోయింది. నా కంప్యూటర్‌లో ఉన్నలాంటి ఆరో తరం ప్రాసెసర్ల కోసం 2015లో వచ్చిన 100 సిరీస్ మదర్‌బోర్డు చిప్‌సెట్లలో ఇంటెల్ ఆ 2.0 కంట్రోలర్‌ను తీసేసింది. అందుకే ‘నీలం (3.0) పోర్టు వద్దు, నల్ల (2.0) పోర్టులో పెట్టు’ అనే సలహా వీటి దగ్గర పనికిరాదు. రెండూ వెళ్లి కలిసేది ఆ 3.0 కంట్రోలర్‌కే.

కంప్యూటర్ వెనుక ఊదారంగు గుండ్రటి పోర్టు ఒకటి ఉంది. పీఎస్/2 అంటారు. దానికి యూఎస్‌బీతో పని లేదు. అటక మీది పాత కీబోర్డు దించి, దుమ్ము దులిపి, పవర్ ఆపి పెట్టాను. దీన్ని ఆన్ చేయకముందే పెట్టాలి, నడుస్తుండగా పెడితే గుర్తించకపోవచ్చు. ఈసారి అదే తెర దగ్గర నమ్‌లాక్ నొక్కితే దీపం వెలిగింది! మౌస్ లేకపోయినా ట్యాబ్, బాణం కీలు, స్పేస్‌బార్‌తో చివరిదాకా నడిపించాను. తర్వాత బోర్డుతో వచ్చిన సీడీ నుంచి యూఎస్‌బీ డ్రైవర్ వేయగానే మౌసూ, కొత్త కీబోర్డూ లేచి కూర్చున్నాయి.

పాత సాఫ్ట్‌వేర్‌తో బతికేవాళ్లు కంప్యూటర్ కొనేటప్పుడు రంగూ ధరా కాదు, ముందు ఆ గుండ్రటి పోర్టు ఉందో లేదో చూడండి. విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2020 జనవరిలోనే ఆగింది, ఇంటర్నెట్ తగిలించకండి. నేను పత్రికలు పెన్‌డ్రైవ్‌లోనే ప్రెస్సుకు పంపుతున్నాను.

కొత్త కీబోర్డు తిరిగి తీసుకోమంటే షాపతను కుదరదన్నాడు, పైగా బోర్డు చూసినందుకు మూడు వందలు అడిగాడు. పైసా ఇవ్వలేదు.