పైప్‌ఎక్స్ ఉండగా భయమేటి
పలాసలో మావయ్య జీడిపప్పు లెక్కలన్నీ సీఎస్‌వీ ఫైళ్ళే (కామాలతో విడదీసిన పట్టికలు), వాటికోసం సీఎస్‌వీకిట్ అనే పైథాన్ టూల్ వేద్దామని, పైథాన్ ప్యాకేజీలు వేసే పిప్‌తో ఇన్‌స్టాల్ కొడితే ఉబుంటు 24.04 లో ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్ ఎన్విరాన్‌మెంట్ (అంటే ఈ పైథాన్‌ని ఉబుంటూయే చూసుకుంటాది) అని ఆపేసింది, నిజానికి ఆపడమే మంచిది, ఆ పైథాన్ మీద సిస్టమ్ పనులు చాలా నడుస్తాయి కదా. ఆ అడ్డుని దాటించే బ్రేక్ సిస్టమ్ ప్యాకేజెస్ అనే ఆప్షన్ పెట్టి తోసెయ్యకండి ప్లీజ్!

ఉబుంటు సొంత ఇన్‌స్టాలర్ ఆప్ట్‌తో, ఒక్కో పైథాన్ టూల్‌ని విడిగా వేసే పైప్‌ఎక్స్ వేసి, కమాండ్లు టెర్మినల్‌కి దొరికేలా పైప్‌ఎక్స్ ఎన్‌ష్యూర్‌పాత్ కొట్టి, టెర్మినల్ మూసి మళ్ళీ తెరిచి పైప్‌ఎక్స్ ఇన్‌స్టాల్ సీఎస్‌వీకిట్ అన్నా, అంతే. పైప్‌ఎక్స్ ఆ టూల్‌కంటూ సొంతంగా ఒక వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (విడి పైథాన్ గది లాంటిది) చేసి, కమాండ్ల లింకులు మాత్రం హోమ్‌లో డాట్‌లోకల్ కింద బిన్‌లో పెడతాది, ఇంకో టూల్ వేసినా వీటి లైబ్రరీలు కలవవు. సీఎస్‌వీకిట్‌లోని సీఎస్‌వీస్టాట్ కమాండ్ కొడితే రేట్ల కాలమ్‌లో కనిష్ఠం, గరిష్ఠం, సగటు వరసగా వచ్చేశాయి, మావయ్యైతే "ఏటల్లుడూ ఇంత బేగొచ్చేసింది" అని ఒకటే సంబరం. రేపు పలాస మార్కెట్ పాత ఫైళ్ళు కూడా ఇస్తానన్నాడు.