హూవర్ డ్యాం పక్కన ఒక క్వార్టర్ల ఊరు

లాస్ వేగాస్ వెళ్లిన మనవాళ్లు హూవర్ డ్యాం చూడకుండా తిరిగి రావడం అరుదు. పార్కింగుకే 10 డాలర్లు కట్టి, 726 అడుగుల కాంక్రీటు గోడ ముందు ఎండలో ఫొటోలు దిగి, మధ్యాహ్నానికల్లా మళ్లీ హోటలు గదులకు చేరుకుంటారు. మా బృందమూ అదే తొందరలో ఉంది. గైడు మాటలన్నీ టర్బైన్ల చుట్టూ, సిమెంటు చుట్టూ తిరగడం నాకు వెలితిగా తోచింది. నాగార్జునసాగర్ హిల్ కాలనీలో పెరిగినవాణ్ని కనుక, ఏ డ్యాం చూసినా దాన్ని కట్టినవాళ్లు ఎక్కడ తలదాచుకున్నారన్న ప్రశ్నే నాకు ముందు వస్తుంది. అందుకే తిరుగుదారిలో, డ్యాం కట్టినవాళ్ల కోసం ఏడెనిమిది మైళ్ల దూరంలో వేసిన బౌల్డర్ సిటీలో కారు ఆపించాను.

1931లో పని మొదలయ్యేనాటికి ఈ ఊరింకా తయారు కాలేదు. ఆర్థిక మాంద్యంలో ఉపాధి పోయి, పెళ్లాంబిడ్డలతో ఎడారికి వచ్చిపడ్డవారు కొలరాడో నది ఒడ్డున గుడ్డలు, అట్టలు, రేకులతో గుడిసెలు వేసుకున్నారు. ఆ గుడిసెల ఊరికే రాగ్‌టౌన్, అంటే గుడ్డపేలికల ఊరు, అని పేరు. ఆ వేసవిలో వడదెబ్బకు మనుషులు రాలిపోయారు. తల్లులు పసిపిల్లలను తడి దుప్పట్లలో చుట్టి నిద్రపుచ్చేవారు. ఆగస్టులో, నదిని మళ్లించే సొరంగాలు తవ్వే కూలీల వేతనం తగ్గించడంతో సమ్మె జరిగింది. పని కోసం వేలమంది బయట కాచుకొని ఉండగా అది ఎన్నాళ్లు నిలుస్తుంది? అయినా ఆ తరువాతే ఊరి నిర్మాణం ఊపందుకుంది.

అప్పట్లో ఊరంతా ప్రభుత్వానిదే. గేటు దగ్గర అనుమతి చూపితేనే ప్రవేశం; మద్యం, జూదం నిషిద్ధం. నెవాడా రాష్ట్రం జూదాన్ని చట్టబద్ధం చేసిన 1931లోనే మొదలైన ఈ ఊళ్లో నేటికీ కాసినో లేదు. గుట్టమీద కార్యాలయం, ఆ దగ్గర్లో ఇంజనీర్ల ఇటుక ఇళ్లు, అవతల వరుసల్లో కూలీల చెక్క ఇళ్లు. హోదాను బట్టి క్వార్టరు ఇచ్చే ఆ పద్ధతి నాకు చిన్ననాటినుంచి తెలిసిందే.

ఆ చెక్క ఇళ్లలో ఒకదాని ముందు మొక్కలకు నీళ్లు పోస్తున్న పెద్దావిడ నన్ను లోపలికి పిలిచి, తరువాత కట్టిన గోడ వెనక మిగిలిన పాత పలకలను చూపించారు. పలకకూ పలకకూ నడుమ వేలు దూరేంత సందుంది. ఆ సందుల్లోంచి రాత్రంతా ఇసుక రాలుతుండేదని, తెల్లవారి పక్కలు దులపనిదే తన తల్లి పొయ్యి వెలిగించేది కాదని ఆవిడ చెప్పారు. అయినా రాగ్‌టౌన్ నుంచి వచ్చినవారికి కుళాయి, కరెంటు ఉన్న ఆ ఇల్లే స్వర్గమట.

ఆ మాత్రం ఇల్లు కూడా అందరికీ దక్కలేదు. చైనీయులను పనిలోకి తీసుకోరాదని కాంట్రాక్టులోనే రాశారు. నిరసనల తరువాత 1932లో కొద్దిమంది నల్లజాతివారిని చేర్చుకున్నా, ఊళ్లో ఉండనివ్వక రోజూ లాస్ వేగాస్ నుంచి బస్సులో రప్పించారు. తాగేనీళ్ల బకెట్లు సైతం వేరుగా పెట్టారు. ఇది చదువుతుంటే నాకు ఒళ్లు మండింది. సొరంగాల్లో ట్రక్కుల పొగ పీల్చి జబ్బుపడ్డవారికి న్యుమోనియా అని రాసేవారు, కాబట్టి అధికారికంగా చెప్పే 96 మరణాల్లో ఆ చావులు లేవు. సాగర్‌లో రాళ్లు మోసినవారికి చివరిదాకా గుడిసెలే గతి అని మా నాన్న చెబుతుండేవారు.

డ్యాం వెనక నిలిచిన నీటిలో సెయింట్ థామస్ అనే ఊరు 1938లో మునిగిపోయింది. కరువుకు సరస్సు తగ్గి ఆ ఊరి పునాదులు మళ్లీ బయటపడ్డాయి. అక్కడికి వెళ్లే వ్యవధి మాకు లేకపోయింది. మీరు వెళ్లేటప్పుడు మాత్రం బౌల్డర్ సిటీకి ఒక పూట కేటాయించుకోండి, డ్యాం ఆ తరువాతే చూడండి.