మాట రాని వారి వంతు

పర్లాకిమిడిలోని మా తెలుగు క్రైస్తవ కుటుంబాలలో గృహకూటం అంటే గొలుసు ప్రార్థన తప్పనిసరి. చాపల మీద గుండ్రంగా కూర్చుని ఒకరి తరువాత ఒకరు గొంతెత్తి ప్రార్థిస్తారు. 1936లో ఈ పట్టణం ఒరిస్సాలో చేరింది. మా ఇళ్లలో చాలామంది పిల్లలకు బడి చదువు ఒడియాలో, ఆరాధన తెలుగులో సాగుతుంది కనుక, తెలుగులో మొదలైన ప్రార్థన మధ్యలో ఒడియాలోకి మళ్లినా ఎవరూ ఆశ్చర్యపోరు. మౌనాన్ని మాత్రం మావాళ్లు ఓర్చుకోలేరు. ఇటీవల ఒక కూటంలో తన వంతు వచ్చినప్పుడు ఒక అక్క నోరు విప్పలేదు; పైటకొంగు అంచును వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ తల వంచుకుని ఉండిపోయింది. కాసేపటికి పక్కనున్నావిడ ఆమె మోకాలిని తట్టి తన ప్రార్థన అందుకున్నది. తరువాత టీ తాగుతూ ఎవరో, "ఆమెకు ప్రార్థనా జీవితం తగ్గింది" అన్నారు.

ఆ తీర్పు నాకు బైబిలులోని మొదటి సమూయేలు గ్రంథంలో కనిపించే షిలోహు మందిర యాజకుడు ఏలీని గుర్తుచేసింది. పిల్లలు లేని హన్నాను సవతి పెనిన్నా ఏటేటా సాధిస్తూ ఉండేది. భర్త ఎల్కానా ఎంత అనునయించినా ఆమె దుఃఖం తీరలేదు. మందిరంలో ఆమె ఏడుస్తూ మనసులోనే చెప్పుకుంటుండగా, పెదవులు కదులుతున్నా స్వరం వినబడకపోవడం చూసి, ద్వారబంధం దగ్గర కూర్చున్న ఆ యాజకుడు ఆమె తాగి ఉన్నదనుకున్నాడు. ప్రార్థనను అందరికన్నా ముందు గుర్తుపట్టవలసినవాడు ఆయనే! తాను ద్రాక్షారసం పుచ్చుకోలేదని, తన ఆత్మను యెహోవా సన్నిధిలో కుమ్మరించుకుంటున్నానని హన్నా జవాబిచ్చింది. ఆ తరువాత ఆమె వెళ్లి భోజనం చేసిందనీ, ఆ మీదట ఆమె ముఖంలో దుఃఖం కనబడలేదనీ గ్రంథం చెబుతుంది. తరువాత ఆమెకు పుట్టిన కొడుకు సమూయేలు అప్పటికింకా కడుపున పడలేదు. పెనిన్నా నోరు మూతపడిందని ఎక్కడా రాసి లేదు. పరిస్థితి ఏమీ మారకముందే ఆమె అన్నం తినగలిగింది, అదే నన్ను ప్రతిసారీ ఆపుతుంది.

రోమా పత్రిక ఎనిమిదవ అధ్యాయంలో పౌలు ఇంకొంత ముందుకు వెళ్తాడు. సృష్టి మూలుగుతున్నది, విశ్వాసులూ మూలుగుతున్నారు. ఎలా ప్రార్థించాలో మనకు తెలియనప్పుడు దేవుని ఆత్మ తానే "ఉచ్చరింప శక్యముకాని మూలుగులతో" మన పక్షాన విజ్ఞాపనం చేస్తున్నాడు. అంటే మాట దొరకని మనిషి ప్రార్థనకు బయట ఉన్నట్టు కాదు. మార్కు సువార్తలో చెవిటివానిని స్వస్థపరచే ముందు యేసు కూడా ఆకాశం వైపు చూసి నిట్టూర్చాడు. ఇక 88వ కీర్తన చీకటి ప్రస్తావనతోనే ముగుస్తుంది. చివర ఒక్క స్తుతి వాక్యమైనా అతికించకుండానే దానిని కీర్తనలలో ఉంచారు. ప్రతి ప్రార్థననూ హల్లెలూయతోనే ముగించాలని పట్టుబట్టేవారు, మైకు తగ్గించి, దీనిని ఒకసారి చదవాలి.

అయితే మౌనం మాటకన్నా గొప్పదని నేను అనను. అదే హన్నా ఆ సమూయేలు గ్రంథం రెండవ అధ్యాయంలో ఎంతో ధాటిగా, సుదీర్ఘంగా పాడి ప్రార్థించింది. అప్పుల బాధ, జబ్బు, ఇంట్లో దెబ్బలు వంటివి దేవుని ముందు మూగగా పెట్టుకున్నంత మాత్రాన మనుషుల దగ్గర దాచవలసిన పని లేదు. ఏలీ పొరబడినా, హన్నా విడమరచి చెప్పిన తరువాత, క్షేమంగా వెళ్లమని ఆమెను దీవించినవాడూ ఆయనే.