తొమ్మిది గంటల విశ్రాంతి కోసం కార్మిక శాఖ మెట్లెక్కాను

మేళ్లచెరువు నుంచి కాకినాడకు లారీలో సిమెంటు, అక్కడి నుంచి తిరుగు లోడుగా ఎరువులు. ఏళ్ల తరబడి ఇదే నా పని. కోదాడ దగ్గర జాతీయ రహదారి ఎక్కితే విజయవాడ, ఏలూరు, రాజమండ్రి మీదుగా దారి 300 కిలోమీటర్లు దాటుతుంది. ఆ దూరం నాకు ఎప్పుడూ భారం కాలేదు. మనిషిని పిండేసేది ఫ్యాక్టరీ గేటు ముందు లోడింగ్ క్యూ. ముందున్న బండి జరగగానే మనమూ జరగాలి, లేకపోతే వెనకనుంచి హారన్లు. సీటు మీద తల వాల్చడమే తప్ప నిద్ర ఉండదు. అలా రాత్రంతా గడిపి, తెల్లవారాక లోడు ఎత్తుకుని బయలుదేరతాం.

మా ఓనరు లెక్క ప్రకారం ఆ క్యూలో గడిపిన సమయమంతా విశ్రాంతే. గొడవ అక్కడే మొదలైంది.

అది వానాకాలం. కాకినాడ నుంచి ఎరువుల లోడుతో వస్తుంటే తాడేపల్లిగూడెం దాటాక కళ్లు మూతపడ్డాయి. చక్రాలు రోడ్డు అంచున ఉబ్బెత్తు గీతల మీదికి ఎక్కి గడగడలాడితే మెలకువ వచ్చింది. పక్క సీటులో క్లీనరు కుర్రాడు నిద్రలో ఉన్నాడు. వాడికి ఇరవై ఏళ్లు కూడా లేవు. బండి పక్కకు ఆపి, ముఖం కడుక్కుని, ఒళ్లు వణుకుతుండగా కాసేపు అక్కడే నిలబడ్డాను. తెల్లవారుజామున గోదాములో లోడు దింపించి హుజూర్‌నగర్‌లో ఇల్లు చేరాను. కన్ను అంటుకుందో లేదో గుమస్తా ఫోను. సిమెంటు లోడు సిద్ధంగా ఉంది, వెంటనే రావాలని. సాయంత్రం వస్తానన్నాను. ఆ వెంటనే ఓనరే చేశాడు.

"క్యూలో పడుకున్నావు కదా, ఇంకెంత పడుకుంటావు? ఈ-వే బిల్లు తీసేశాం. గడువు దాటితే జరిమానా నువ్వు కడతావా?" ఈ-వే బిల్లు అంటే సరుకు రవాణాకు జీఎస్టీ కింద ఆన్‌లైన్‌లో తీసే, గడువున్న పత్రం.

"రాత్రంతా నడిపానన్నా. ఇప్పుడు స్టీరింగ్ పట్టుకుంటే బండీ దక్కదు, నేనూ దక్కను" అన్నాను.

ఆ పూటే బండి తాళాలు ఇంకొకరికి ఇచ్చేశాడు. పాత బత్తా బాకీ ఆపేశాడు. నా ఒరిజినల్ లైసెన్సు ఆయన బీరువాలోనే ఉండిపోయింది. పనిలో చేరేటప్పుడు అడ్వాన్సు ఇచ్చి, హామీగా లైసెన్సు తీసి పెట్టుకోవడం మా వైపు చాలాచోట్ల ఉన్నదే. డిజిలాకర్‌లోని లైసెన్సు కూడా రోడ్డు మీద చెల్లుతుందని 2018 నుంచి నిబంధన ఉంది కాబట్టి పోలీసులు ఆపినా ఇబ్బంది లేదు. కానీ ఒరిజినల్ చూడకుండా ఇంకో ఓనరు పని ఇవ్వడు. నన్ను కట్టిపడేసింది అదే.

యూనియన్ ఆఫీసులో ఒక పెద్దాయన, ఒకప్పటి డ్రైవరే, నా మాట అంతా విని, "తమ్ముడూ, ఓనరు ఇంటికి వెళ్లి బతిమాలకు. కాగితాలు పట్టుకుని లేబర్ ఆఫీసుకు పో" అన్నాడు. 2016లో సూర్యాపేట జిల్లా ఏర్పడక ముందు ఇలాంటి పనులకు నల్లగొండ దాకా వెళ్లాల్సి వచ్చేదట. మాకు ఆ ప్రయాణం తప్పింది.

దరఖాస్తు తెల్లకాగితం మీద రాస్తే చాలు. దానికి బలం ఇచ్చేవి వెనక జతచేసే కాగితాలు. నా దగ్గర ఉన్నవన్నీ తీశాను: ఫ్యాక్టరీ గేటు పాసులు, కాటా చీటీలు, డీజిల్ బంకు చీటీలు, ఫోనులో గుమస్తా కాల్స్ వచ్చిన సమయాలు. అన్నింటి మీదా తేదీ, గంట, నిమిషం ఉంటాయి. ఫాస్టాగ్ మెసేజీలు ఓనరు ఫోనుకే వెళ్తాయి కాబట్టి టోల్ గేటు దాటిన సమయం చూపించడానికి మనకు వేరే దారి లేదు, ఈ చీటీలే దిక్కు. బంకు చీటీల మీద అక్షరాలు క్యాబిన్ వేడికి కొద్ది రోజుల్లోనే వెలిసిపోతాయి. నా చీటీలు కొన్ని అప్పటికే తెల్లకాగితాలై పోయాయి, ఫోనులో తీసిన ఫొటోలే పనికొచ్చాయి. చీటీ చేతికి రాగానే, బంకు దాటకముందే ఫొటో తీసి పెట్టుకోమని తోటి డ్రైవర్లకు గట్టిగా చెబుతున్నాను.

కార్మిక శాఖ అధికారి నోటీసు పంపితే ఓనరు వచ్చాడు. వచ్చీ రాగానే, "నాకున్నవి మూడే లారీలు మేడం, ఈ చట్టాలు నాకు వర్తించవు" అన్నాడు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం అయిదుగురు, అంతకంటే ఎక్కువ మంది పనిచేసే సంస్థలకు వర్తించేది. అది లారీల లెక్క కాదు, మనుషుల లెక్క. పైగా డ్రైవర్లతో పాటు క్లీనర్లు, బుకింగ్ గుమస్తా, కాపలా మనిషి కూడా అందులోకి వచ్చేవారు. ఆమె ఒక్కొక్కరి పేరు అడిగి రాసుకుంటూ పోతే ఏడుగురు తేలారు.

తర్వాత క్యూ సంగతి వచ్చింది. చట్టంలో లోడు ఎత్తడం, దింపడం పనివేళల్లోనే లెక్క. ఆగిన చోట పదిహేను నిమిషాల లోపు వేచి ఉండటం కూడా పనే. ఆమె ఓనరునే అడిగింది: "క్యూలో బండి ఎంతసేపటికి ఒకసారి కదులుతుంది?" "పది నిమిషాలకు ఒకసారి కదులుతుంది మేడం" అన్నాడు. "కదిలినప్పుడల్లా స్టీరింగ్ మీద ఎవరు ఉన్నారు?" ఆయన నా వైపు చూశాడు. నోట మాట రాలేదు.

ఆ తర్వాత నిబంధనలు చదివి వినిపించింది. రోజుకు 8 గంటలు, వారానికి 48. దూరపు దారుల్లో అనుమతి తీసుకుంటే 10 గంటలు, 54 గంటలు, అంతకు మించి లేదు. అయిదు గంటలు నడిపితే కనీసం అరగంట విరామం. ఒకరోజు డ్యూటీ దిగాక మర్నాడు ఎక్కేలోగా వరుసగా 9 గంటల విశ్రాంతి. వారానికి ఒకరోజు సెలవు. పైగంటలకు రెట్టింపు కూలి. ఇన్నేళ్లుగా నేను దయగా అడుక్కున్నవన్నీ నేను పుట్టకముందే చట్టంలో రాసి ఉన్నాయని తెలిసి గుండె రగిలిపోయింది.

ఈ-వే బిల్లు బెదిరింపు కూడా నిలవలేదు. 2021 జనవరి 1 నుంచి ప్రతి 200 కిలోమీటర్లకు ఒకరోజు గడువు ఇస్తున్నారు. మొదటి రోజు బిల్లు తీసిన మర్నాటి అర్ధరాత్రితో ముగుస్తుంది. మా దారికి రెండు రోజుల గడువు, అంటే ఉదయం తీసిన బిల్లు ఎల్లుండి అర్ధరాత్రి వరకు చెల్లుతుంది. నేను సాయంత్రం బయలుదేరినా మర్నాటికి కాకినాడలో ఉంటాను. దారిలో బండి చెడిపోయి ఆలస్యమైనా గడువు పొడిగించుకునే వీలుంది. దీన్ని సాకుగా చూపి ఎంతమంది డ్రైవర్లను నిద్రలోంచి లేపారో.

ఫలితం చెబుతాను. లైసెన్సు అక్కడే, ఆమె ముందే చేతికి ఇచ్చాడు. బత్తా బాకీ రెండు విడతల్లో ఇచ్చాడు. పైగంటల రెట్టింపు కూలి మాత్రం రాలేదు. పాత నెలల చీటీలు నా దగ్గర పూర్తిగా లేకపోవడంతో లెక్క తేలలేదు. శిక్ష సంగతి అడిగితే, ఆ చట్టంలో మూడు నెలల దాకా జైలు, లేదా 500 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ అని చెప్పారు. ఒక మనిషి ప్రాణం మీదికి తెచ్చినందుకు 500 రూపాయలు! ఇది ఏ రకంగానూ న్యాయం కాదు.

నా గొడవ పాత చట్టం ఉన్నప్పటిది. 2025 నవంబరు 21న కొత్త లేబర్ కోడ్‌లు అమలులోకి వచ్చి ఈ చట్టం వాటిలో కలిసిపోయింది. రోజుకు 8 గంటలన్న మాట అందులోనూ ఉంది. ఇప్పుడు దరఖాస్తు పెట్టేవాళ్లు కొత్త సెక్షన్ల నంబర్లు ఆఫీసులోనే అడిగి రాయించుకోండి. లాయరు కావాలంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, 15100కు ఫోను చేసినా దారి చెబుతారు. కార్మికులకు ఈ సాయం ఉచితం.

నేను మళ్లీ ఆ ఓనరు దగ్గరే నడుపుతున్నాను. ఇప్పుడు గుమస్తా బల్ల మీద ఒక నోటుపుస్తకం ఉంటుంది. బండి దిగిన సమయం రాసి నేను సంతకం పెడతాను, ఆయనా పెడతాడు. తొమ్మిది గంటలు నిండకముందు ఫోను వస్తే ఆ సమయం చదివి వినిపిస్తాను. క్లీనరు కుర్రాడు కూడా తన పేరు అందులో రాయిస్తున్నాడు. వారపు సెలవు మాత్రం ఇంకా దక్కలేదు. దానికోసం మిగతా ఇద్దరు డ్రైవర్లతో కలిసి ముగ్గురి సంతకాలతో దరఖాస్తు ఇచ్చాం.