పికప్ వెనక ట్రైలర్: రాజమండ్రి నుంచి అంతర్వేది దాకా కమాను కట్టల సంగతులు

రాజమండ్రిలో బయల్దేరి రావులపాలెం, కొత్తపేట, అంబాజీపేట, పి.గన్నవరం, రాజోలు మీదుగా అంతర్వేది. అక్కణ్ణుంచి సఖినేటిపల్లి రేవులో పంటెక్కి (బళ్లని ఏరు దాటించే పెద్ద పడవ) నరసాపురం. పాలకొల్లు, మార్టేరు, సిద్ధాంతం మీదుగా వెనక్కి. ఇదీ మా దారి. కొండల్లేవు, ఘాట్ రోడ్డు లేదు. పడుకోడానికి, వండుకోడానికి వీలుగా కట్టిన చిన్న ట్రైలర్‌ని లాక్కెళ్లడానికి ఇంతకన్నా సుఖమైన దారి ఉండదనిపిస్తుంది. కానీ పికప్ వెనక కమాన్లకి, అంటే బండి బరువు మోసే ఉక్కు పట్టీల కట్టలకి, డెల్టా రోడ్డు పెట్టే పరీక్ష ఘాట్ రోడ్డు కూడా పెట్టదు.

కారణం నేల. ధవళేశ్వరం దిగువనంతా గోదారి తెచ్చిపోసిన ఒండ్రు. 1852లో ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచి ఈ ఒండ్రు మీద కాలువలే కాలువలు, ప్రతి కాలువకీ వంతెనలు, తూములు, లాకులు. వంతెన పునాదులు లోతుకి దిగి ఉంటాయి కాబట్టి కదలవు. దానికి రెండు పక్కలా పోసిన మట్టికట్ట మాత్రం మెత్తటి నేలలోకి కొద్దికొద్దిగా కుంగుతూనే ఉంటుంది. అందుకే వంతెన ఎక్కేచోట ఒక గుంట, దిగేచోట ఒక గుంట. ఖాళీ బండికి అది చిన్న కుదుపు. ట్రైలర్ తగిలించిన బండికి అక్కడ తోక దిగబడుతుంది, ముక్కు లేస్తుంది, ఊగుడుని ఆపే షాకులు (షాక్ అబ్జార్బర్లు) అలిసిపోయి ఉంటే ఆ ఊగుడు వంతెన దాటాక కూడా ఆగదు. ముక్కు లేచిన ఆ క్షణంలో స్టీరింగ్ తేలిపోతుంది. పక్కన కాలువ ఉన్న గట్టు మీద అలా తేలడం మంచిది కాదు.

ట్రైలర్ సామానుతో సహా 1,050 కిలోలు. రైసుమిల్లు పక్కనున్న కాటా మీద తూయించాం. కాటా పదేసి కిలోల లెక్కన చూపిస్తుంది కాబట్టి బాల్ (ట్రైలర్ ముక్కు కూర్చునే, పికప్ వెనకున్న ఇనుప గుండు) మీద పడే బరువుకి అది పనికిరాదు. దానికి మూడడుగుల చెక్క చాలు. ఒక కొన కింద ఇనుప గొట్టం, రెండో కొన కింద మనుషులు బరువు చూసుకునే మిషను. గొట్టం నుంచి సరిగ్గా ఒక అడుగు దగ్గర ట్రైలర్ ముక్కుని ఆనించాలి. చెక్క బరువుకి మిషను చూపించేది ముందే తీసేసి, మిగిలిన అంకెని మూడుతో హెచ్చవేస్తే బాల్ మీద బరువు. మాకు మిషను 40 చూపించింది, అంటే 120 కిలోలు. ట్రైలర్ బరువులో పది నుంచి పదిహేను శాతం ముక్కు మీద ఉండాలి. పదికి తగ్గితే ట్రైలర్ తోక ఆడిస్తుంది. పదిహేను దాటితే పికప్ వెనక భాగం మోయలేదు. మాది పదకొండున్నర దగ్గర ఉంది.

120 కిలోలేగా, ఇద్దరు మనుషులంత కూడా లేదు అనుకుంటే పొరపాటు. బాల్ ఉండేది వెనక ఇరుసుకి ఆవల. ఏతం మాను ఎలా పనిచేస్తుందో ఇదీ అలాగే: వెనక నొక్కితే ముందు లేస్తుంది. ముందు, వెనక చక్రాల మధ్య దూరం 3.1 మీటర్లు, వెనక ఇరుసు నుంచి బాల్ దాకా 1.25 మీటర్లు, కలిపితే 4.35. 120ని 4.35తో హెచ్చవేసి 3.1తో భాగిస్తే 168. అంటే వెనక ఇరుసు మీద పడేది 168 కిలోలు, ముందు చక్రాల మీంచి పోయేది 48. దీనికి తోడు పికప్ తొట్టిలో నీళ్ల ట్యాంకు, గ్యాసు, పనిముట్లు, అదనపు చక్రాలు కలిపి 180 కిలోలు.

పెట్రోలు బంకులో చదునైన సిమెంటు నేల మీద బండి నిలబెట్టి, చక్రం నడిమధ్య నుంచి మీదనున్న ఆర్చి అంచు దాకా కాదు, నేల నుంచి ఆర్చి అంచు దాకా టేపు పెట్టాం. ఖాళీ బండికి వెనక 905 మి.మీ. ట్రైలర్ తగిలించి, సామాను ఇరుసు మీదుగా పేర్చితే 845. ముందు మాత్రం 8 మి.మీ. పెరిగింది. ఈ రెండు అంకెలూ రాసి పెట్టుకోవాలి. వెనక 60 దిగడం అందరికీ కనపడుతుంది, కమాను మేస్త్రి దగ్గరికి పరిగెత్తిస్తుంది. ముందు 8 లేవడం ఎవరి కంటికీ ఆనదు. నా లెక్కలో ప్రమాదం ఆ ఎనిమిదిలోనే ఉంది.

రాజమండ్రిలో కమాను కట్టలు విప్పించాం. కట్ట విడదీసి వరసగా నేల మీద పరిచినప్పుడు చూడాలి. పట్టీకి పట్టీకి మధ్య తుప్పు పొర, కింది పట్టీ కొన పైపట్టీని రాసుకున్న చోట అద్దంలా మెరిసే అర్ధచంద్రం, దాని అంచున చేతి గోరు తట్టుకునేంత గాడి. పట్టీ విరిగితే చాలాసార్లు ఆ గాడి దగ్గర గానీ, పట్టీలన్నిటినీ నడిమధ్య కలిపి పట్టే సెంటర్ బోల్టు బెజ్జం దగ్గర గానీ విరుగుతుంది. బెజ్జం చుట్టూ కిరసనాయిలుతో తుడిచి, వెంట్రుకంత గీత ఉందేమో వెతికాం. గీత కనపడితే ఆ పట్టీకి పైన ఇంకోటి వేసి లాభం లేదు, మార్చాల్సిందే.

"ఇంకో రెండు పట్టీలేసేద్దామండి, లారీలాగా నిలబడుద్ది" అన్నారు మేస్త్రి.

"ఒక్కటి చాలండి" అన్నాం.

రెండు వేస్తే నిలబడే మాట నిజమే. కానీ ట్రైలర్ విప్పేశాక ఖాళీ బండి కమాన్లు కదలవు, గతుకుల్లో వెనక చక్రం నేల వదిలేస్తుంది, తడిరోడ్డు మీద వెనక భాగం పక్కకి జారుతుంది. పైగా పట్టీ వేస్తే పెరిగేది గట్టితనమే. ఆర్సీలో రాసిన మొత్తం బరువు పరిమితి గానీ, ఇరుసు మోయగల బరువు గానీ ఒక్క కిలో కూడా పెరగవు. బేరింగులు, హౌసింగు, టైర్లు, బ్రేకులు అవే కదా. పట్టీకి పట్టీకి మధ్య కొనల దగ్గర ప్లాస్టిక్ ప్యాడ్లు పెట్టించాం.

బిగింపు దగ్గర తొందరపడకూడనివి కొన్ని ఉన్నాయి. కట్టని ఇరుసుకి పట్టి ఉంచే యూ బోల్టులు ఒకసారి బిగించాక సాగుతాయి. విప్పినవే మళ్లీ వాడితే పట్టు నిలవదు, కట్ట జారి సెంటర్ బోల్టు మీద భారం పడి అది తెగుతుంది. అప్పుడు ఇరుసు ఒక పక్కకి జరిగి బండి ఏటవాలుగా నడుస్తుంది. కొత్తవే వేయించాలి, నాలుగు నట్లూ ఎదురెదురుగా కొంచెం కొంచెంగా, మాన్యువల్లో చెప్పిన టార్కుకి (బిగింపు బలానికి) బిగించాలి. సెంటర్ బోల్టు తల ఇరుసు మీది బెజ్జంలో పూర్తిగా కూర్చుందో లేదో బిగించకముందే వేలితో తడిమి చూడాలి. కమాను కొనల్లో ఉండే రబ్బరు బుష్షుల బోల్టులు మాత్రం బండి జాకీ మీద ఉండగా చివరి బిగింపు బిగించకూడదు. చక్రాలు నేల మీద ఆని, బండి బరువు కమాన్ల మీద పడ్డాకే బిగించాలి. గాల్లో బిగిస్తే బండి దింపగానే రబ్బరు మెలిపడి, ఆ మెలితోనే తిరిగి తిరిగి కొన్నాళ్లకే చిరిగిపోతుంది. కొత్త బుష్షులు నెల తిరక్కుండా పోయాయని జనం అనేదాంట్లో చాలా భాగం ఇదే.

చాలా పికప్‌లకి వెనక ఇరుసు నుంచి ఛాసీకి ఒక చిన్న కడ్డీ ఉంటుంది. దాని పైన బ్రేకు వాల్వు. బండి ఎంత దిగిందో ఆ కడ్డీ చెబుతుంది, దాన్నిబట్టి వాల్వు వెనక బ్రేకులకి ఒత్తిడి వదులుతుంది. పట్టీ వేసి, ఎయిర్‌బ్యాగులు (కమాన్ల మీద పెట్టి గాలి నింపే రబ్బరు సంచులు) పెట్టి వెనక భాగాన్ని పైకి లేపితే ఆ వాల్వు బండి ఖాళీగా ఉందనుకుంటుంది. నిండు బరువుతో వెళ్తున్నప్పుడు వెనక బ్రేకులు తగ్గిపోతాయన్నమాట. దీన్ని మాన్యువల్ ప్రకారం మళ్లీ సెట్ చేయించకుండా బండి బయటికి తీయకండి. నేను చూసినంతలో ఈ పనిలో అందరూ మర్చిపోయేది ఇదే, మర్చిపోకూడనిదీ ఇదే. మీ బండికి ఆ కడ్డీ ఉందో లేదో కిందికి వంగి చూస్తే తెలిసిపోతుంది. షాకులు కూడా మార్పించాం. గట్టిపడిన కమానుని వెనక్కి ఆపేది షాకే, పాతవి ఉంచి పట్టీ ఒక్కటే వేస్తే వంతెన గుంటల దగ్గర ఊగుడు ఇంకా ఎక్కువవుతుంది.

కొత్త పట్టీతో తగిలించి చూస్తే వెనక 880. కమానుకీ ఛాసీకీ మధ్య బంపు రబ్బరు స్థానంలో పెట్టిన ఎయిర్‌బ్యాగుల్లో 20 పీఎస్ఐ గాలి కొడితే 893. ఎడమకి, కుడికి గాలి గొట్టాలు వేరువేరుగా ఉండాలి. రెండూ ఒకే టీ జాయింటుకి కలిపేస్తే మలుపులో బరువు పడ్డ పక్క గాలి రెండో పక్కకి పారిపోయి బండి ఇంకా వాలుతుంది. గొట్టం సైలెన్సర్‌కి జానెడు దూరంలో పోవాలి.

ఇంత చేశాక ముందు చక్రాల దగ్గర టేపు పెట్టి చూశాం. అదే 8. పట్టీ గానీ, గాలి గానీ వెనక భాగాన్ని లేపుతాయి తప్ప ముందు చక్రాల మీంచి పోయిన 48 కిలోలని తిరిగి తేలేవు. పెద్ద ట్రైలర్లు లాగే దేశాల్లో ఆ బరువుని ముందుకి పంపడానికి స్ప్రింగు కడ్డీల హిచ్ (ట్రైలర్‌ని బండికి తగిలించే అమరిక) వాడతారు. మాలాంటి టన్ను ట్రైలర్‌కి అంత అక్కర్లేదు. తొట్టిలో ఇరుసు మీద ఉన్న 180 కిలోలని క్యాబిన్ గోడకి ఆనించి, అంటే ఇరుసు కన్నా 70 సెంటీమీటర్లు ముందుకి జరిపాం. 180ని 0.7తో హెచ్చవేసి 3.1తో భాగిస్తే 40 కిలోలు ముందు చక్రాల మీదకి తిరిగొచ్చాయి. టేపు పెడితే 8 కాస్తా 1 అయింది. మొత్తం పనిలో రూపాయి ఖర్చు లేనిది, స్టీరింగ్‌లో వెంటనే తెలిసింది ఈ ఒక్కటే. సామాను జరపకుండా మేస్త్రి దగ్గరికి వెళ్లకండి.

జొన్నాడ దగ్గర గౌతమి వంతెన దాకా ఎన్‌హెచ్ 16. పెద్ద లారీ దాటిపోతుంటే దాని గాలి ముందు ట్రైలర్‌ని తోస్తుంది, తర్వాత లాగుతుంది. ట్రైలర్ ఊగడం మొదలైతే చేయాల్సింది యాక్సిలరేటర్ మీంచి కాలు తీయడం, స్టీరింగ్ నిటారుగా పట్టుకోవడం. పికప్ బ్రేకు గట్టిగా తొక్కినా, స్టీరింగ్ ఎదురు తిప్పినా ఊగుడు పెరుగుతుంది. గంటకి 60 దాటకుండా వెళ్లాం, ఊగుడు రాలేదు.

రావులపాలెంలో హైవే దిగాక లోకం మారుతుంది. అరటి గెలల ఆటోలు, కొత్తపేట దాటాక కొబ్బరి డొక్కల లారీలు. గట్టు రోడ్డు మధ్యలో ఎత్తు, అంచులకి వాలు. ఎదురుగా ట్రాక్టరు వస్తే పికప్ తారు మీద, ట్రైలర్ ఎడమ చక్రం మట్టిలో. సంక్రాంతి వెళ్లాక నేల గట్టిపడి ఉంది కాబట్టి సరిపోయింది. వానాకాలం ఈ అంచు నమ్మదగ్గది కాదు. వంతెన గుంటల దగ్గర 30కి తగ్గించి, గుంటలోకి దిగేలోపే బ్రేకు వదిలేయాలి. బ్రేకు మీద ఉండగా దిగితే ముందు స్ప్రింగులు అప్పటికే నొక్కుకుని ఉంటాయి, తోపుడు బ్రేకు (ట్రైలర్ ముందుకి తోసుకొస్తే దానంతటదే పడే బ్రేకు) ఉన్న ట్రైలర్ ముక్కు కూడా అదే క్షణంలో ముందుకి తోస్తుంది. పి.గన్నవరంలో వైనతేయ పాయ మీద అక్విడక్ట్ (కాలువ నీళ్లని నది దాటించే వంతెన) దాటేటప్పుడు ఈ తేడా స్పష్టంగా తెలిసింది: ఒక్క ఊపు, అంతే, రెండోది లేదు.

అంతర్వేదిలో ట్రైలర్‌ని ఊళ్లోనే గట్టి నేల మీద ఆపి, గోదారి సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ల గట్టు వైపు పికప్ ఒక్కటే వెళ్లింది. విప్పగానే బ్యాగుల్లో గాలి 5 పీఎస్ఐకి దించాం. సున్నా చేయకూడదు. గాలి లేని బ్యాగు మడతల మధ్య రబ్బరు నలిగి, ఆ మడతలో ఇసుక చేరితే కోసేస్తుంది.

సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కించడం విడిగా చెప్పుకోవాలి. రేవు కిందికి వాలి ఉంటుంది, పంటు పలకలు పైకి లేచి ఉంటాయి. ఆ లోయలో హిచ్ నేలకి రాసుకుంటుంది. పాటు మీద నీళ్లు తగ్గినప్పుడు వాలు ఇంకా ఎక్కువ, అందుకని పోటు చూసుకుని వెళ్లాలి. పంటువాళ్లకి రెండు బళ్ల మొత్తం బరువు ముందే చెప్పి, వాళ్లు సరేనన్నాకే కదలాలి. ఎక్కే ముందు బ్యాగుల్లో గాలి 45కి పెంచాం, హిచ్ కింద బెత్తెడు సందు దొరికింది. ఎక్కాక చక్రాలన్నిటికీ ముందు వెనక చెక్క దిమ్మెలు. నరసాపురం ఒడ్డు ఎక్కి రోడ్డు మీదకి రాగానే గాలి మళ్లీ 20కి దించాం. 45తో రోడ్డు మీద వెళ్తే బరువంతా బ్యాగులే మోసి, అవి ఆనిన చోట ఛాసీ బ్రాకెట్లు అలిసిపోతాయి.

పాలకొల్లులో యూ బోల్టులకి టార్కు రెంచి పెట్టాం. నాలుగింట్లో రెండు పావు చుట్టు తిరిగాయి. కొత్త పట్టీలు, ప్యాడ్లు సర్దుకున్నాక ఇది మామూలే. అందుకే మొదటి వంద కిలోమీటర్లకి ఒకసారి, అయిదొందలకి ఇంకోసారి బిగించాలి. ఇంటికొచ్చాక మంచినీళ్ల గొట్టం పెట్టి పట్టీల సందుల్లో, బ్యాగు మడతల్లో, గాలి గొట్టం జాయింట్లలో ఉప్పు, ఇసుక పోయేదాకా కడిగాం. ఆరాక జాయింట్ల మీద సబ్బు నురగ రాసి చూస్తే కుడివైపు దాంట్లో సన్నటి బుడగ లేస్తోంది. గొట్టం కొన అరంగుళం నిటారుగా కోసి మళ్లీ దోపితే ఆగింది. ఖాళీ బండికి వెనక ఎత్తు ఇప్పుడు 917. పట్టీ వేసిన రోజు 920. కొత్త పట్టీ ఆ మాత్రం దిగుతుంది. ఇంకా దిగుతూ పోతే పట్టీ ఉక్కు మంచిది కాదని అర్థం, అప్పుడు కట్ట మళ్లీ విప్పించాలి.