కలం ముంచినప్పుడు పడే బొట్టు

శ్రీకాళహస్తిలో మా పెద్దమ్మ ఇంట్లో ఒక పాత కలంకారీ గుడ్డ ఉంది. రామాయణం కథ, గడులు గడులుగా. చిన్నప్పుడు బొమ్మలే చూసేవాణ్ణి. తిరుపతిలో పదేళ్లు డీటీపీ చేసి, పెళ్లిపత్రికలు కొట్టీ కొట్టీ నా కన్ను చెడిపోయింది. ఇప్పుడు బొమ్మల కింద సన్నటి పట్టీలో రాసిన తెలుగే ముందు కనబడుతోంది. ఆ అక్షరాలతో ఫాంటు చేద్దామని కూర్చున్నాను.

కలం అంటే మొన చెక్కిన వెదురుపుల్ల. మొనకు కాస్త పైన ఉన్నిగానీ గుడ్డపీలికగానీ ఉండలా చుట్టి దారంతో కడతారు. ఆ ఉండ రంగు పీల్చుకుంటుంది, వేళ్లతో నొక్కితే మొనకు దిగుతుంది. నలుపేమో బెల్లం, తుప్పు ఇనుము నీళ్లలో ఊరబెట్టి చేస్తారు. గుడ్డను ముందే కరక్కాయ కలిపిన పాలలో ముంచి ఆరబెడతారు. కరక్కాయ తగిలితేనే ఆ ఇనుపనీళ్లు నల్లబడతాయి, పాలలో కొవ్వు ఉండబట్టి గీత పాకదు.

ఫోన్‌తో ఫోటోలు తీసి, ఫాంట్లు చేసే సాఫ్ట్‌వేర్ ఫాంట్‌ఫోర్జ్‌లో పెట్టి పెద్దవి చేసి చూస్తే, తలకట్టు మొదట్లో చిన్న బొట్టు. ఇదే దీని అందం అనుకుని ప్రతి తలకట్టుకూ అతికించాను. తలకట్టు లేని ఖ, జ, బ, ల లకు ఎక్కడ పెట్టాలా అని అదో టెన్షన్. మూడు వారాలు పట్టింది.

ప్రింటు తీసుకెళ్లి కాళహస్తిలో కలంకారీ వేసే ఒక పెద్దాయనకు చూపించాను.

"ఈ బొట్టేంది నాయనా, అన్నింటికీ పెట్టినావు? కలం అప్పుడే ముంచి గట్టిగా నొక్కితే పడేది ఇది. మా నాయన చూసుంటే నెత్తిన మొట్టేవాడు" అన్నారు.

ఇంటికొచ్చి మళ్లీ చూశాను. నిజమే. 'దశరథ'లో ద కు ఉంది, మిగతా మూడింటికీ లేదు. ఐదారు అక్షరాలు పోయేసరికి గీత సన్నబడుతుంది, మళ్లీ బొట్టు. రాసినాయన కలం ఎక్కడెక్కడ ముంచాడో లెక్కపెట్టొచ్చు!

మూడు వారాల పని తీసేశాను. ఇప్పుడు ఒక్కో అక్షరానికి మూడు రూపాలు గీస్తున్నాను: బొట్టుతో, మామూలుగా, రంగు అయిపోవచ్చినట్టు. ముందున్న అక్షరాన్ని బట్టి ఏది రావాలో ఫాంటులోనే రాసిపెట్టే ఓపెన్‌టైప్ నియమాలు చూసుకుంటాయి. పని మూడింతలైంది, మా షాపు ఓనరు మాత్రం "పెళ్లిపత్రికకు పనికొస్తుందా?" అనే అడుగుతున్నాడు.

నిన్న రాత్రి 'తిరుపతి' అని కొట్టాను. మొదటి తి మందంగా, చివరి తి సన్నగా వచ్చాయి. 'స్త్రీ' ఇంకా కుదరలేదు. గుడ్డ మీద పట్టీ ఇరుకని ఒత్తులను కుడిపక్కకు జరిపి రాశాడు ఆయనెవరో. నేనూ అలాగే జరిపితే క్రావడి (ర ఒత్తు) పోయి పక్క అక్షరం మీద కూర్చుంటోంది.