కోదాడ దాకా ఒక బస్సు, అవతల ఇంకో బస్సు

దసరాకి ఇంటికి వెళ్ళడానికి ఇంత తతంగం ఉంటుందని 2020 దాకా నాకు తెలీదు. రైళ్ళు ఉన్నవే కొన్ని, వాటిలో రిజర్వేషన్ ఉంటేనే ఎక్కనిస్తారు, నా వెయిటింగ్ లిస్టు నంబరు చూస్తే సంక్రాంతికి కన్ఫర్మ్ అయ్యేలా ఉంది. బస్సులంటారా, వైరస్ వల్ల ఆగినవి మే నెలలోనే రోడ్డెక్కాయి గానీ సరిహద్దు దాటే బస్సులు మాత్రం కదల్లేదు. ఎవరి రాష్ట్రంలో ఎవరు ఎన్ని కిలోమీటర్లు తిప్పాలో రెండు ఆర్టీసీలకీ తేలలేదు కాబట్టి. తేలింది నవంబరు 2న, పండగ అయిపోయిన వారానికి! ఆ గ్యాపులో ప్రైవేటు బస్సువాళ్ళు పండగ చేసుకున్నారు. మామూలు రోజుల్లో నాలుగొందల యాభైకి వచ్చే విజయవాడ సీటు పన్నెండు వందలన్నారు. ఏసీ పనిచేస్తుందా అంటే "కరోనా కదా సార్, ఏసీ వెయ్యం" అన్నారు. రేటు మాత్రం ఏసీదే.

ఒళ్ళు మండి, అక్టోబరు 24 శనివారం పొద్దున్నే ఎల్బీనగర్‌లో తెలంగాణ బస్సు ఎక్కాను. కోదాడ దాకా అది, అక్కణ్ణుంచి ఆటో, చెక్‌పోస్టు అవతల ఆంధ్రా బస్సు. పోయినసారి నిద్రపోయి లేస్తే విజయవాడ వచ్చిన దారే ఇది.

హైదరాబాదుని వరద ముంచెత్తి అప్పటికి పది రోజులు. రోడ్ల పక్కన బురద ఇంకా ఎండలేదు. ఆ బురద మధ్యలోనే బస్టాపులో మనుషులు దూరం దూరంగా నిలబడాలని ఎండాకాలంలో గీసిన తెల్ల గుండ్రాలు సగం చెరిగిపోయి కనిపించాయి. గుండ్రాల్లో సంచులూ సూట్‌కేసులూ బుద్ధిగా దూరం పాటిస్తున్నాయి. వాటి ఓనర్లు మాత్రం బస్సు తలుపు దగ్గర ఒకరి మీద ఒకరు ఎక్కి తోసుకుంటున్నారు. మే నెలలో వైన్ షాపులు తెరిచినప్పుడు గుండ్రాల్లో చెప్పులు పెట్టి చెట్టు కింద కూర్చున్నవాళ్ళు గుర్తొచ్చారు. మనవాళ్ళు రూల్ పాటించరని ఎవరన్నారు, పాటిస్తారు, కాకపోతే చెప్పులతో పాటిస్తారు.

కండక్టర్ తలుపు దగ్గర నిలబడి "మాస్కు లేనోళ్ళు ఎక్కద్దు, వెయ్యి ఫైను" అని అరుస్తున్నాడు. ఆయన మాస్కు గడ్డం కింద ఉంది, మరి అరవాలంటే నోరు కావాలి కదా. నా ముందు ఇద్దరు కుర్రాళ్ళు, ఇద్దరికీ కలిపి ఒకటే మాస్కు. మొదటివాడు తొడుక్కుని ఎక్కి, సీట్లో కూర్చుని, కిటికీలోంచి కిందికి విసిరాడు. రెండోవాడు దాన్ని గాల్లోనే అందుకుని తొడుక్కుని ఎక్కేశాడు. కండక్టర్ చూశాడు, నవ్వాడు, టిక్కెట్లు కొట్టాడు.

నేనేమో ఎన్95 పెట్టుకుని, రెండు జేబుల్లో రెండు శానిటైజర్ సీసాలతో, ఈ జనం బాగుపడరని తిట్టుకుంటూ వెళ్ళి కూర్చున్నాను. రెండు వందల యాభై పెట్టి కొన్న మాస్కు అది, ముందు ఒక గుండ్రటి వాల్వు ఉంటుంది, దర్జాగా ఉంటుంది. పక్కన కిటికీ సీట్లో ఒక పెద్దాయన. డెబ్బై ఉంటాయి. తెల్ల గుడ్డ మాస్కు, వెనక నాడాలతో కట్టుకున్నాడు, ముక్కు మీద నుంచి గడ్డం కింద దాకా ఎక్కడా సందు లేకుండా. బస్సు హయత్‌నగర్ దాటిందో లేదో, ఆయన నా మొహం వైపు చూసి, "బాబూ, ఏమీ అనుకోకండి. ఆ వాల్వు ఉన్న మాస్కు మీకు మంచిదే గానీ, మీరు వదిలే గాలి తిన్నగా నాకొస్తది" అన్నాడు.

నాకు చిర్రెత్తింది. బస్సు మొత్తంలో ముక్కూ మూతీ మూసుకున్నవాళ్ళం ఇద్దరమే, అందులో ఒకడికి ఇంకొకడు పాఠం చెప్తాడా అని. సిగ్నల్ ఉన్నంతలో ఫోన్లో వెతికాను. నిజమే. వాల్వు ఉన్న ఎన్95లు వైరస్ బయటికి పోకుండా ఆపలేవని కేంద్ర ఆరోగ్యశాఖ జులైలోనే రాష్ట్రాలకి రాసింది. మూడు నెలలుగా నేను వీధి వీధంతా నా గాలి పంచుతూ, పక్కవాళ్ళని చూసి మొహం చిట్లిస్తున్నానన్నమాట.

ఆయన సంచిలోంచి ఇంకో గుడ్డ మాస్కు తీశాడు. "మా ఊళ్ళో డ్వాక్రా వాళ్ళు కుట్టారు, మనిషికి మూడు ఇచ్చారు. ఇది ఉతికిందే. పైన కట్టుకోండి" అన్నాడు. నేను వెంటనే తీసుకోలేదు. ఎవరిదో మాస్కు కదా అనిపించింది. ఆయన ఇంకోసారి, కాస్త మెల్లగా, "ఉతికిందే బాబూ" అన్నాడు. అప్పుడు తీసుకుని వాల్వు మీద కట్టుకున్నాను.

"థాంక్సండీ మాస్టారూ" అన్నాను.

"మాస్టార్ని కాదండీ. మలేరియా డిపార్టుమెంటు. డీడీటీ కొట్టేవాణ్ణి."

సూర్యాపేటలో బస్సు ఆగితే జనమంతా కిందికి దిగి మాస్కులు ఊడదీసి, ఆరు నెలల తర్వాత గాలి చూసినట్టు పీల్చుకుని, టీ బంకు చుట్టూ ముసురుకున్నారు. పదిమందికీ ఒకే జగ్గు మంచినీళ్ళు. పెద్దాయన దిగలేదు. టీ తెమ్మంటారా అంటే, సంచిలోంచి స్టీలు గ్లాసు తీసి ఇచ్చాడు. "కరోనా అని తెచ్చుకున్నారా" అంటే "కాదు, ముందునుంచీ అలవాటు" అన్నాడు. టీ పది రూపాయలు, గ్లాసు మనదే అయినా పదే, పేపర్ కప్పు మిగిలింది కదా ఒక రూపాయి తగ్గించమంటే బంకువాడు నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు.

డ్రైవర్ వెనకాల అద్దం మీద "సామాజిక దూరం పాటించండి" అని స్టిక్కర్ ఉంది. బస్సు కదిలాక పెద్దాయన దాన్ని పైకి చదివి కళ్ళతోనే నవ్వాడు. ఆ మాట మీద అప్పట్లో పేపర్లలో చాలామంది గొడవ పెట్టారు, భౌతిక దూరం అనాలి, సామాజిక దూరం అంటే మన దేశంలో అర్థం వేరు అని. నేను అప్పుడు చదివి పేజీ తిప్పేశాను. ఈయన అదేమీ ఎత్తలేదు. తన ఉద్యోగం కథ మొదలుపెట్టాడు.

డీడీటీ పొడి నీళ్ళలో కలిపి, బకెట్టూ చేతి పంపూ మోసుకుని నందిగామ, కంచికచర్ల చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగారట. ప్రతి గదిలో గోడల మీద కొట్టాలి, కొట్టాక గుమ్మం పక్కన తేదీ రాయాలి. జనం ఒప్పుకునేవాళ్ళు కాదు. వాసన అని కొందరు, గోడలు తెల్ల మచ్చలు పడతాయని కొందరు, మందు కొట్టినప్పట్నుంచీ నల్లులు ఎక్కువయ్యాయని ఇంకొందరు. పండగ ముందు కొడితే మరీ దారుణం, వీళ్ళు వీధి మలుపు తిరగ్గానే గోడలు అలికి సున్నం వేసేసేవాళ్ళట.

"అసలు అందులో ఒక కిటుకు ఉందండీ, అది చెప్తే ఎవడూ కొట్టించుకోడు" అన్నాడు. "దోమ మనిషిని కుట్టాక గోడ మీద వాలతది. రక్తం తాగి బరువెక్కి ఉంటది కదా. అక్కడ మందు తగిలి చస్తది. అంటే ఏంటి? మందు కొట్టించుకున్నోడికి కుట్టడం ఎలాగూ కుట్టేసింది. మేలు పక్కింటోడికి. ఆ మాట చెప్తే, పక్కింటోడి కోసం మా గోడలు పాడుచేసుకోవాలా అనేవాళ్ళు. అందుకని మేం చెప్పేవాళ్ళం కాదు. మీకే మంచిదనేవాళ్ళం. ఈ మాస్కు కూడా అంతే. నా మాస్కు మీకోసం, మీది నాకోసం. ఎవడన్నా పెట్టుకుంటాడా?"

వెనక సీట్లో ఎవరో పెద్దగా తుమ్మారు. బస్సంతా ఒక్కసారి తిరిగి చూసింది, గడ్డాల కింది మాస్కులన్నీ చకచకా పైకెక్కాయి. మునగాల వచ్చేసరికి మళ్ళీ దిగిపోయాయి.

"పెద్ద ఇళ్ళలో అయితే ఇంకో గొడవ" అన్నాడాయన కాసేపాగి. "మమ్మల్ని అరుగు దాకా రానిచ్చేవాళ్ళు. మహా అయితే వసారా. వంటింట్లోకీ పడగ్గదిలోకీ రానిచ్చేవాళ్ళు కాదు. ఏ ఊరోళ్ళు, ఏ పేట అని అడిగేవాళ్ళు ముందు. దాహం అంటే దోసిట్లో పైనుంచి పోసేవాళ్ళు. సరే, నేను వసారాలో కొట్టేసి, లోపల కొట్టినట్టు పుస్తకంలో రాసుకుని వచ్చేసేవాణ్ణి. దోమలు మాత్రం లోపల పడగ్గదుల్లో దర్జాగా ఉండేయి." ఈసారి పెద్దగానే నవ్వాడు. "అప్పట్లో దూరం ఎంత బాగా పాటించేవాళ్ళండీ! గవర్నమెంటు చెప్పలా, స్టిక్కర్లు అంటించలా, ఫైన్లు లేవు. ఇప్పుడు ఆరడుగులు ఆగండ్రా అంటే ఒక్కడికీ చేతకావట్లా."

ఏమనాలో తెలీక నేను శానిటైజర్ తీసి చేతులు రుద్దుకున్నాను. అప్పటికి అది నాలుగోసారి.

కోదాడలో దిగాక ఆటో మనిషికి యాభై. పది మంది ఎక్కితేగానీ కదలనన్నాడు డ్రైవర్. తన సీటు వెనక పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ షీటు అడ్డం కట్టుకున్నాడు, కరోనా రాకుండా. ఆ షీటుకి అటువైపు, తన పక్కనే, ముగ్గుర్ని కూర్చోబెట్టుకున్నాడు. పెద్దాయన ఆ ఆటో ఎక్కనన్నాడు. తర్వాతి ఆటో కూడా అంతే నిండింది. ఆఖరికి ఇద్దరమే రెండు వందలకి మాట్లాడుకున్నాం, అందులో ఆయన వంద ఆయనే ఇచ్చాడు, నేనిస్తానన్నా వినలేదు. దారిలో నా ఫోన్ మోగింది. అమ్మ. బయల్దేరావా, ఎక్కడిదాకా వచ్చావు, మాస్కు తియ్యకు, పక్కన ఎవరున్నారు అని వరసగా. "ఒక పెద్దాయన ఉన్నారమ్మా" అన్నాను.

గరికపాడు చెక్‌పోస్టు దగ్గర మాత్రం చూడాలి. ట్రాఫిక్ పోలీసు కనిపిస్తే మోచేతికి తగిలించుకున్న హెల్మెట్ నెత్తికెక్కుతుందే, అచ్చం అలాగే అందరి మూతుల మీదికీ ఏదో ఒకటి వచ్చేసింది. తువ్వాళ్ళు, చున్నీలు, ఒకావిడ పసిపిల్లాడి టోపీ. టెంటు కింద ఒకతను పిస్తోలు లాంటిది నుదుటికి పెట్టి జ్వరం చూస్తున్నాడు. నాకు తొంభై మూడు వచ్చింది. తొంభై మూడు డిగ్రీలంటే మనిషి బతికి ఉంటాడా అండీ అన్నాను. "ఎక్కువొస్తేనే ప్రాబ్లెం సార్, వెళ్ళండి" అన్నాడు.

అవతల ఆంధ్రా బస్సు. కొన్ని సీట్ల మీద కూర్చోవద్దని వేసిన ఇంటూ గుర్తులు ఇంకా ఉన్నాయి, వాటి మీద మనుషులూ ఉన్నారు. మా ఇద్దరికీ పక్కపక్కన సీట్లు దొరకలేదు. నందిగామలో ఆయన దిగుతూ నా దగ్గరికి వచ్చాడు. మాస్కు విప్పి ఇవ్వబోతే "ఉంచుకోండి, ఉతికి కట్టుకోండి" అన్నాడు. మొహం పూర్తిగా నేను ఒక్కసారి కూడా చూడలేదు, రేపు ఎక్కడైనా ఎదురుపడితే గుర్తుపట్టలేను.

విజయవాడ దగ్గరపడుతుంటే, వారం కిందటే తెరిచిన కనకదుర్గ ఫ్లైఓవర్ కనిపించేసరికి బస్సులో సగం మంది ఫోన్లు పట్టుకుని ఒకే పక్కకి ఒరిగారు. మూడు రోజుల కింద కొండరాళ్ళు విరిగిపడింది ఇక్కడే అని ఒకాయన మాస్కు పూర్తిగా తీసేసి, మా అందరి మొహాల మీదా తుంపర్లు పడేలా వివరంగా చెప్పాడు. నేనూ లేచి వంగి చూశాను. చూడాలనిపించింది మరి.

కంకిపాడులో ఇంటికి చేరేసరికి సాయంత్రం నాలుగు. పెరట్లో వేపాకు వేసి కాచిన నీళ్ళు సిద్ధంగా ఉన్నాయి. స్నానం అయ్యేదాకా లోపలికి రావద్దని అమ్మ ఆర్డరు. బట్టలన్నీ సర్ఫు నీళ్ళలో నానబెట్టమంది. స్నానం చేసి వచ్చేసరికి పిన్నీ బాబాయీ పిల్లలూ దిగారు, నేను మాస్కు పెట్టుకుని వసారాలో దూరంగా కూర్చుంటే పిన్ని మొహం మాడిపోయింది. "మేం కూడా పరాయివాళ్ళమైపోయామా రా?" అంది. ఇంకేముంది, తీసేశాను. అయిదు నిమిషాల్లో ఆవిడ నా పళ్ళెంలోంచే జంతిక తీసుకుని తింటోంది. పొద్దుటి నుంచీ బస్సు జనాన్ని తిట్టుకున్నవాణ్ణి.

మర్నాడు పండగపూట దండెం మీద గుడ్డ మాస్కు చూసి అమ్మ ఇదెక్కడిదని అడిగింది. చెప్పాను, డీడీటీ ఆయనిచ్చాడని, గోడలకి మందు కొట్టేవాడట అని. అమ్మ నవ్వి, మన ఇంటికీ వచ్చేవాళ్ళుగా, నీ చిన్నప్పుడు కూడా వచ్చారు, వీధి గుమ్మం పక్కన ఎర్ర రంగుతో రాసేవాళ్ళు, సున్నాల కింద పోయింది గానీ అంది.

"లోపల గదుల్లో కూడా కొట్టేవాళ్ళా?" అన్నాను.

"వసారాలోనే. మీ మామ్మ లోపలికి ఎక్కడ రానిచ్చేది?" అంటూ అమ్మ మాస్కుని తిరగేసి రెండో పక్క ఎండకి ఆరేసింది.